మంద కుక్కకూ నట్టల మందు ఇయ్యండి
పశుసంవర్ధక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

శ్రీ వాకిటి శ్రీహరి గారికి,

మీరు మక్తల్ వారు. రోడ్డు మీద గొర్ల మంద ఎదురైతే బండి ఆపి దారి ఇచ్చే ఊళ్లలో పెరిగినవారు. కాబట్టి గొర్రె అంటే పాలమూరుకు, నల్గొండకు ఏమిటో మీకు చెప్పే పని లేదు. నేను చెప్పదలచింది ఆ మంద వెనక నడిచే కుక్క గురించి, దానికి మనం పెడుతున్న తిండి గురించి.

ఏటా మీ శాఖ ఊరూరా గొర్రెలకు, మేకలకు నట్టల మందు తాగిస్తుంది. పశువైద్య సిబ్బంది పొద్దున్నే దొడ్ల కాడికి వస్తారు. మంద మేతకు కదలకముందే ఒక్కో జీవాన్ని కాళ్ల నడుమ అదిమి, దవడ పట్టి, మందు పోసి వదులుతారు. అదంతా ఓ పక్క పండుకొని చూస్తున్న కుక్క జోలికి ఎవరూ పోరు. కార్యక్రమం గొర్రెలది, మేకలది; కుక్క ఆ లెక్కలో లేదు. గొర్రె ఒంట్లో చేరే పురుగుల్లో అన్నిటికంటే మొండివి రెండు ఆ కుక్క కడుపు నుంచే వస్తున్నాయి. అందుకని నేను అడిగేవి ముఖ్యంగా రెండు. మంద కుక్కను మందుల లెక్కలోకి తీసుకోండి, గొర్రె లోపలి భాగాలు పచ్చిగా దాని నోటికి అందకుండా చూడండి.

మన దగ్గర యాట ఎట్ల తెగుతుందో గుర్తు చేసుకోండి. దసరాకో, బోనాలకో, పెండ్లికో, ఏమీ లేకుంటే ఆదివారం నలుగురు కలిసి పోగులు వేసుకోవడానికో కోస్తారు. వేపకొమ్మకు వేలాడదీసి తోలు ఒలుస్తారు. పొట్ట చీల్చగానే బోటి తట్టలో పడుతుంది, కార్జం పక్కకు పోతుంది. ఒక్కోసారి ఆ కార్జం మీదనో, ఊపిరితిత్తుల మీదనో తెల్లగా ఉబ్బిన బుడగ కనిపిస్తుంది. రేగుపండంత ఉండొచ్చు, నిమ్మకాయంత ఉండొచ్చు. వేలితో నొక్కితే బిగువుగా, నీళ్లు నిండినట్టు తగులుతుంది. కత్తి మొన తాకితే నీళ్లు చివ్వున చిమ్ముతాయి. లోపల ఉడికిన గుడ్డు మీది పొర లాంటి తెల్లటి పొర ఉంటుంది, నీళ్ల అడుగున సన్నటి ఇసుక లాంటిది తేలుతుంటుంది. కోసే మనిషికి ఇది కొత్త కాదు. "ఇది తినరాదు" అని ఆ ముక్క వరకు కోసి విసిరేస్తాడు. నేల మీద పడకముందే కుక్క అందుకుంటుంది.

అక్కడ జరిగింది ఏమిటో చూడండి. మంచి మాంసం అంతా మనుషులు ఉంచుకున్నారు. జబ్బు ఉన్న ముక్కను చేత్తో ఏరి మరీ కుక్కకు పెట్టారు.

ఆ బుడగను డాక్టర్లు హైడాటిడ్ సిస్టు అంటారు. అడుగున కనిపించే ఇసుక ఇసుక కాదు, ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దె పురుగు పిల్లతలలు. అవి కుక్క పేగులకు అంటుకొని ఆరేడు వారాల్లో పెద్ద పురుగులవుతాయి. బద్దె పురుగు అనగానే మనకు గజాల పొడుగు గుర్తొస్తుంది కానీ ఈ పురుగు అంతా కలిపి మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లే. పెంటలో వెతికినా కంటికి ఆనదు. ఒక్క కుక్క పేగుల్లో వేల పురుగులు ఉండొచ్చు, అయినా కుక్క దుక్కలా తిరుగుతుంది, మొరుగుతుంది, తోడేలును తరుముతుంది. దానికి జబ్బు ఉందని ఏ కాపరీ అనుకోడు. పురుగు పెట్టే గుడ్లు మాత్రం పెంటతో కలిసి గడ్డి మీద, కుంట గట్టు మీద పడతాయి, మంద కట్టిన చేనులో పడతాయి. తేమ, నీడ ఉంటే నెలల తరబడి చావవు. గొర్రె ఆ గడ్డి మేస్తుంది, దాని కార్జంలో మళ్లీ బుడగ పుడుతుంది, మళ్లీ యాట తెగుతుంది.

రెండో పురుగు టీనియా మల్టిసెప్స్. దీని బుడగ గొర్రె మెదడులో పెరుగుతుంది. ఇది కాపరులందరికీ కళ్లారా తెలిసిన బాధ. బాగున్న గొర్రె ఉన్నట్టుండి తల ఒక వైపుకు వాల్చి అటే తిరుగుతుంటుంది. మందలో కలవదు, గోడకు తల ఆనించి నిలబడుతుంది, మేత మానేసి చిక్కి పడిపోతుంది. దేవుడికి మొక్కుకుంటారు, చెవి దగ్గర వాత పెడతారు. చివరికి అగ్గువకు అమ్ముకుంటారు, లేదా కోసుకుంటారు. కోసినప్పుడు తలకాయ పగలగొడితే మెదడు మీద నీటి బుడగ ఉంటుంది. అది కూడా కుక్కకే పోతుంది. తన మందను తిప్పలు పెట్టిన పురుగును మళ్లీ తన కుక్కకే తినిపిస్తున్నానని ఆ కాపరికి ఇంతవరకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే నాకు మంట.

మనుషుల సంగతికి వస్తాను. మాంసం తింటే ఈ బుడగలు మనిషికి రావు. ఇది గట్టిగా చెప్పాలి, లేకుంటే యాట కూర మీద లేనిపోని భయం పుడుతుంది. మనిషికి వచ్చేది కుక్క పెంటలోని గుడ్డు నోట్లోకి పోయినప్పుడే. కుక్క తన వెనక భాగం నాకుతుంది, అదే నాలుకతో ఒళ్లంతా నాకుతుంది. పిల్లవాడు దాని మెడ కౌగిలించుకొని అదే చేత్తో రొట్టె తింటాడు. కుక్క తిరిగిన మడిలోని కొత్తిమీరను కడగకుండా తింటాం. మందతో వలస పోయిన కాపరి, కుక్క మూతి పెట్టిన చెలిమెలోనే నీళ్లు తాగుతాడు. గుడ్డు లోపలికి పోయిన రోజు ఏమీ తెలియదు. బుడగ ఎక్కువగా కార్జంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. పదేళ్ల తర్వాత కుడి డొక్కలో బరువు, నొప్పి మొదలవుతాయి. గ్యాస్ అనుకొని గోలీలు మింగుతారు. స్కానింగ్ తీస్తే కొబ్బరికాయంత తిత్తి బయటపడుతుంది. నెలల తరబడి ఆల్బెండజోల్, సూదితో నీళ్లు లాగడం, కాకుంటే పెద్ద ఆపరేషన్. తిత్తి లోపలే పగిలితే ఒళ్లు ఒక్కసారిగా ఎదురు తిరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచే మన దేశపు వైద్యులు ఈ జబ్బు ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్‌ను, తమిళనాడును లెక్కపెడుతూ వచ్చారు. గొర్రె ఎక్కడ ఎక్కువో ఇదీ అక్కడే ఎక్కువ. 2019 పశుగణనలో తెలంగాణ కోటీ 90 లక్షలకు పైగా గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం ఇంటికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. మందలు పెరిగితే వాటితో కుక్కలూ పెరుగుతాయి. గొర్రెకు టీకా, బీమా ఆలోచించినవాళ్లు కుక్కను మరిచారు.

ఇదంతా చెబితే ఊళ్లో ఒక మాట అంటారు: "పచ్చి మాంసం తినని కుక్కకు పట్టు ఉండదు, తోడేలు ముందట నిలవదు." హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు ఇదే మాటను ఇంకో తీరుగా అంటున్నారు. కుక్క తోడేలు సంతతి కాబట్టి దానికి వండిన తిండి తగదని, వేటాడిన జీవాన్ని ఎముకతో, పేగులతో సహా పచ్చిగా తినడమే దాని తత్త్వమని వాదిస్తున్నారు. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో రాసిన పుస్తకంతో ఈ పచ్చి తిండి వాదం ప్రపంచమంతా పాకింది. కుక్క మీది ప్రేమతోనే వాళ్లు ఆ మాట అంటున్నారు, నాకు ఆ ప్రేమ మీద గౌరవం ఉంది. కానీ వాదం సగమే నిజం. 2013లో స్వీడన్ పరిశోధకులు కుక్క, తోడేలు జన్యువులను పోల్చి చూశారు. గంజి పదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో కంటే కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉందని తేల్చారు. మనిషి పొయ్యి పక్కన వేల ఏళ్లు బతికి కుక్క అట్లా మారింది. మన కాపరుల కుక్కలు ఏం తిని తోడేళ్లను తరిమాయో మన తాతలను అడిగితే చెబుతారు: జొన్న గట్క, చల్ల, మిగిలిన రొట్టె. మాంసం పండుగకే. గొంగడి కప్పుకొని మంద దగ్గర పండుకున్న మనిషి ఏది తింటే కుక్కా అదే తిన్నది.

తోడేలు పచ్చిగా తింటుందనేది నిజమే. తోడేలు కడుపులో బద్దె పురుగులు ఉంటాయనేది కూడా అంతే నిజం. అడవిలో అది తోడేలు బాధ. మన వాకిట్లో, మన పిల్లల చేతుల మీద అయితే మన బాధ. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే పెంపుడు జంతువులకు శుద్ధి చేయని పచ్చి మాంసం పెట్టొద్దని తీర్మానించింది. పట్నంలో ఎవరైనా వినకుండా పెడతామంటే కనీసం గడ్డకట్టే చలిలో, సున్నాకు దిగువన 18, 20 డిగ్రీల్లో పది రోజులు ఉంచి పెట్టాలి. పల్లెలో అంత చలి ఇచ్చే పెట్టె ఎవరింట్లో ఉంది? కరెంటు ఉన్నంతసేపే ఫ్రిజ్. పల్లెకు దారి పొయ్యే. అరగంట సేపు తెర్లే నీళ్లలో ఉడికిస్తే ఆ బుడగల్లోని పురుగు చస్తుంది. యాట కోసిన పూట పొయ్యి ఎట్లాగూ మండుతూనే ఉంటుంది. పనికిరాని కార్జం ముక్కను విసిరేయకుండా ఒక పాత గిన్నెలో వేసి ఉడికించి, చల్లారాక గట్కలో కలిపి పెట్టడం ఏ ఇంటికీ మోయలేని పని కాదు.

పచ్చి మాంసం ప్రమాదం గొర్రెతో ఆగదు. 2025లో బర్డ్ ఫ్లూ మన కోళ్ల ఫారాలను చుట్టుముట్టినప్పుడు చౌటుప్పల్, చిట్యాల వైపు రైతులు ఎంత కుమిలిపోయారో మీ శాఖకు తెలుసు. ఆ ఏడాది మార్చిలోనే కృష్ణ ఆవల నరసరావుపేటలో రెండేళ్ల పాప అదే వైరస్‌తో చనిపోయింది. కూర వండుతుండగా ఆ బిడ్డ పచ్చి కోడి ముక్క తిన్నదని ఇంటివాళ్లు చెప్పారు. అంతకు ముందు 2024 డిసెంబరులో నాగపూర్ దగ్గరి గోరేవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత ఆ వైరస్‌కే బలయ్యాయి. పచ్చి తిండి తినడానికే పుట్టిన పులులే తట్టుకోలేకపోయాయి. ఇవన్నీ జరిగాక కూడా ఫారంలో చచ్చిన కోళ్లను సంచుల్లో కట్టి వాగులో వేయడం, చికెన్ సెంటర్ల వ్యర్థాలను రాత్రిపూట ఊరి బయట పారబోయడం ఆగలేదు. జడ్చర్ల నుంచి కోదాడ దాకా ఏ రోడ్డు వెంట పోయినా ఊరి పొలిమేరలో ముక్కు మూసుకోవాల్సిన చోటు ఒకటి ఉంటుంది. అక్కడ కుక్కల గుంపు ఉంటుంది.

ఆ గుంపే తర్వాత మందల మీద పడుతుంది. చచ్చిన గొర్రెను పూడ్చకుండా పడేస్తే కుక్కలకు గొర్రె రుచి తెలుస్తుంది. ఒకనాటి రాత్రి దొడ్డి తడిక దూకి పిల్లల్ని, ఈనబోయే గొర్రెల్ని చీల్చి పోతాయి. తెల్లారి కాపరి తల పట్టుకొని కూర్చుంటాడు. కోపం కుక్క మీదికి మళ్లుతుంది. 2024 ఫిబ్రవరిలో అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో రాత్రికి రాత్రి ఇరవై కుక్కలను తుపాకీతో కాల్చి చంపిన వార్త దేశమంతా చదివింది. ఏ కారణం చెప్పినా అది దారుణమే. చంపడం వల్ల ఈ పురుగు కూడా పోదు. వ్యర్థాల కుప్ప ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి, కడుపులో పురుగులతోనే వస్తాయి.

అయ్యా, ఇది తీరని సమస్య కాదు. ఐస్‌లాండ్ అనే చలి దేశంలో ఒకప్పుడు ఈ జబ్బు ఇంటింటా ఉండేది. 1863లో డెన్మార్క్ నుంచి వచ్చిన హారల్డ్ క్రాబే అక్కడ వంద కుక్కలను కోసి చూస్తే 28 కుక్కల్లో ఈ పురుగు దొరికింది. ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. గొర్రె లోపలి బుడగలను కుక్కకు వేయొద్దు, కాల్చండి లేదా పూడ్చండి అని అందులో చెప్పాడు. దాన్ని ప్రభుత్వం ఇంటింటికీ ఉచితంగా పంచింది. ఆ తర్వాత చట్టాలు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ దేశం నుంచి జబ్బే మాయమైంది. న్యూజిలాండ్ మనకంటే ఎక్కువగా గొర్రె మీద బతికే దేశం. 1959లో హైడాటిడ్స్ చట్టం తెచ్చి పచ్చి లోపలి భాగాలను కుక్కకు వేయడం నేరం చేసింది. ఆరు వారాలకోసారి ఊరి కుక్కలన్నిటినీ ఒక చోటికి తెప్పించి మందు వేయించింది. పురుగు పెద్దదై గుడ్డు పెట్టేందుకు ఆరేడు వారాలు పడుతుంది గనుక ఆరు వారాల లెక్క పెట్టుకున్నారు. 2002లో తమ దేశం ఈ జబ్బు నుంచి బయటపడిందని ప్రకటించుకున్నారు. నలభై ఏళ్లకు పైగా విడవకుండా చేశారు. ఒక పంట కాలంలో అయిపోయే పని కాదని మీకు ఇప్పుడే చెబుతున్నాను.

మొదటిది గోలీ. మన దగ్గర ఆరు వారాలకోసారి కుదరకపోవచ్చు. గొర్రెలకు నట్టల మందు పోసే ప్రతిసారీ కుక్కకూ ఒక గోలీ వేయడం మాత్రం రేపటి నుంచే కుదురుతుంది. మందు ప్రాజిక్వాంటెల్. పది కిలోల బరువుకు 50 మిల్లీగ్రాములు చాలు. రొట్టె ముక్కలో పెట్టి ఇస్తే మింగేస్తుంది. దొడ్డి దగ్గరికి ఎట్లాగూ వచ్చిన మనిషే ఇవ్వొచ్చు. సిబ్బంది చెప్పాల్సిన మాటలు రెండున్నాయి. గొర్రెకు పోసిన మందు మిగిలిందని కుక్కకు పోస్తే ఈ పురుగు చావదు, దాని మందు వేరు. గోలీ వేసిన తర్వాత రెండు రోజులు కుక్కను కట్టేసి, పెంటను ఎత్తి పూడ్చాలి లేదా కాల్చాలి, ఎందుకంటే మందు పురుగును చంపుతుంది కానీ గుడ్డును చంపదు. పెబ్బేరు లాంటి సంతల్లో గొర్రెలు కొనే, అమ్మే కాపరులందరూ ఒక చోట దొరుకుతారు. అక్కడ ఒక బల్ల వేసి గోలీలు ఇస్తూ, బుడగ ఉన్న కార్జం ఒకటి గాజు సీసాలో పెట్టి చూపిస్తే నూరు కరపత్రాలు చేయని పని అది చేస్తుంది. 1962కు ఫోన్ చేస్తే వచ్చే మీ సంచార పశువైద్య వాహనాల్లో కూడా ఈ గోలీలు ఉంచండి. వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబీస్ టీకా వేసే చోట అదే చేత్తో ఈ గోలీ వేయమని మునిసిపాలిటీలకు రాయండి.

రెండోది గుంత. 2025 డిసెంబరులో పంచాయతీలకు కొత్త సర్పంచులు వచ్చారు. ప్రతి ఊరికి యాట కోసుకునేందుకు సిమెంటు గచ్చు, నీళ్ల కుళాయి, చుట్టూ కంచె, పక్కన మూత ఉన్న లోతైన గుంత, ఇంత చాలు. చచ్చిన గొర్రెకు కూడా అదే గుంత. మీది పంచాయతీరాజ్ శాఖ కాదని నాకు తెలుసు. అయినా ఈ మాట మీ నోట వస్తే ఆ శాఖ వింటుంది, మా నోట వస్తే వినదు.

మూడోది ఆసుపత్రులు. మహబూబ్‌నగర్, నల్గొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ హైడాటిడ్ తిత్తి తీసిన ప్రతి రోగి ఊరు ఏదో మీ జిల్లా అధికారికి తెలియాలి. అప్పుడు ఆ ఊరి కుక్కలకు ముందు మందు పోతుంది. ఇప్పుడు సర్జన్ తిత్తి తీసి కుట్లు వేసి పంపిస్తాడు, మనిషి అదే వాకిటికి, అదే కుక్క దగ్గరికి తిరిగి వస్తాడు. రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయం పిల్లలను మన వధశాలలకు పంపి ఎన్ని కార్జాల్లో బుడగలు ఉన్నాయో ఏటా లెక్క తీయించండి. ఆ లెక్క తగ్గుతున్నదో లేదో చూస్తేనే మందు పని చేస్తున్నదో లేదో తెలుస్తుంది. పందులకు పట్టే బద్దె పురుగుకు టీకా మన హైదరాబాద్‌లోనే తయారైంది. గొర్రెకు ఈ బుడగలు రాకుండా ఆపే టీకా కూడా వేరే దేశాల్లో వాడుకలో ఉంది. దాన్ని ఇక్కడికి తెచ్చే మాట కూడా ఆలోచించండి.

ఇక దురాజ్‌పల్లి పెద్దగట్టు. లింగమంతుల స్వామి జాతర గొల్ల కురుమల గుండె. రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షల మంది వస్తారు, లెక్కలేనన్ని యాటలు తెగుతాయి. మొక్కు మొక్కే. దాని మీద ఎవరూ మాట్లాడాల్సిన పని లేదు, నేను మాట్లాడను. కానీ జాతర ముగిసిన మరునాడు గట్టు చుట్టూ పొలాల్లో పడి ఉన్న పేగులు, ఊపిరితిత్తులు, వాటి మీద ముసిరిన కుక్కలను చూసినవాళ్లకు తెలుసు, అక్కడ తిన్న పురుగు ఎన్ని ఊళ్లకు పోతుందో. రాష్ట్రం నలుమూలల నుంచి కాపరులు కూడే చోటు అది. ఈ మాట చెప్పడానికి అంతకంటే మంచి చోటు మనకు దొరకదు. 2025 ఫిబ్రవరి జాతర అయిపోయింది. మళ్లీ 2027లో. గుడారాల పక్కనే గుంతలు తవ్వించండి, సున్నం పోయించండి, ట్రాక్టర్లు పెట్టండి, మైకులో ఒగ్గు కళాకారులతో ఈ కథ చెప్పించండి. మల్లన్న కథను రాత్రంతా కూర్చొని వినే జనం, తమ మందకు పట్టిన పురుగు కథ వినరా?

కాపరి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా ఒక మాట. ప్రభుత్వం కదిలే దాకా ఆగొద్దు. ఈ ఆదివారం యాట కోస్తే బుడగ ఉన్న ముక్కను కుక్కకు వేయకండి. ఉడికించండి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చండి. పిల్లలకు అన్నం ముందు సబ్బుతో చేతులు కడిగించండి. ఊరి పశువుల దవాఖానలో కుక్క గోలీ అడగండి. లేదంటే మళ్లీ అడగండి.

మంత్రి గారూ, వచ్చే నట్టల మందు కార్యక్రమం ఉత్తర్వుల్లో "గొర్రెలు, మేకలు" అన్న చోట "మంద కుక్కలు" అనే రెండు మాటలు చేర్చి సంతకం పెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గొర్ల కాపరి ఇంటి బిడ్డ